తొమ్మిది అడుగుల గొయ్యి

అక్క చేతి పనసపొట్టు కూర తిని, మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయి, వీలైతే ఓ సాయంత్రం పైడితల్లి అమ్మవారిని చూసి తిరిగొద్దామని విజయనగరం బయల్దేరాను. తెల్లవారుజామున అయిదింటికి టేపు కొస పట్టుకుని మంచులో నిలబడవలసి వస్తుందని ఎవరూ ముందుగా చెప్పలేదు. చెబితే వచ్చేవాణ్ని కాదని అక్క కూతురికి తెలుసు. అందుకే చెప్పలేదు.

విజయవాడ నుంచి విశాఖ దాకా రత్నాచల్, అక్కడి నుంచి బస్సు. పక్క సీటాయన తగరపువలస వరకు నా భుజం మీదే నిద్రపోయాడు. గోస్తని వంతెన కుదుపుకి లేచి, నేనే ఆయన మీద వాలినట్టు ఓ చూపు చూసి, సర్దుకుని కూర్చున్నాడు. జొన్నాడ దాటి చింతలవలసలో అయిదో బెటాలియన్ గోడ కనిపిస్తే ఊరొచ్చినట్టే. కాంప్లెక్సు దగ్గర ఆటో అతను కంటోన్మెంటుకు నూట యాభై అడిగాడు. ‘లగేజీ ఉంది కదండీ’ అన్నాడు. ఉన్నది ఒక చేతిసంచీ. బేరమాడి వందకు తెచ్చాను. దిగాక రెండు వందల నోటు ఇస్తే, తన దగ్గర యాభయ్యే ఉందని జేబు తిరగేసి చూపించాడు. నూట యాభయ్యే అయింది.

మా మేనకోడలు ఆర్కిటెక్చర్ అయిదో ఏడు చదువుతోంది. ఆఖరి ప్రాజెక్టుకి తను ఎంచుకున్నది, ఒకప్పుడు సిపాయిలు కవాతు చేసిన మైదానంలో ప్రజలకు పార్కు. నిజంగా ఎవరూ కట్టబోవడం లేదు, అంతా కాగితం మీదే, మార్కుల కోసం. ఆ మైదానం ఎక్కడుందో ఇక్కడ రాయను. ఎవరైనా చదివి, నిజంగానే వెళ్లి మ్యూజికల్ ఫౌంటెన్ పెట్టేస్తారని నా భయం.

విజయనగరం వాళ్లకు కంటోన్మెంటు గురించి చెప్పనక్కర్లేదు. 1713లో మొదలైన కోట ఒక వైపు, దానికి మైలు దూరంలో ఇంగ్లీషు వాళ్ల దండు, నడుమ పెద్దచెరువు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన్న విజయరామరాజు కుంపిణీ సైన్యం చేతిలో నేలకొరిగాక ఇక్కడ ఎవరి మాట చెల్లిందో వేరే చెప్పాలా? దండు వెళ్లిపోయింది, పేరు మిగిలింది. మా అమ్మమ్మ మాత్రం కంటోన్మెంటు అనేది కాదు. ‘దండు వైపు పోకండర్రా, ఎండ’ అనేది. వేసవి సెలవులకు ఖరగ్‌పూర్ నుంచి వచ్చే మాకు ఆ మాట వినపడగానే కాళ్లు అటే లాగేవి.

మొదటిరోజు రాత్రి అమ్మాయి బొమ్మ చూపించింది. ఉపగ్రహ చిత్రం మీద గీసిన ప్లాను. గేటు, టికెట్టు కిటికీ, వంకీలు తిరిగిన బాటలు, మధ్యలో నీళ్ల కొలను, పక్కన పచ్చిక, పిల్లల ఆటస్థలం, ఒక మూల సెల్ఫీ పాయింటు. బాగుంది. మా పేటలో పార్కు కూడా ఇలాగే ఉంటుంది. సిమెంటు జింకలు రెండు, నోరు తెరిచిన పెంగ్విన్ చెత్తబుట్ట, గడ్డి మీద నడవరాదని బోర్డు, పదిన్నరకు తాళం. అందులో పిల్లలు ఆడగా నేను చూడలేదు, పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలను చూశాను. ఈ మాట పైకి అన్నాను. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ‘అయితే రేపు నాతో వచ్చి చూడు మామయ్యా’ అంది. అలా ఇరుక్కున్నాను.

ఉపగ్రహ చిత్రంలో మైదానం మధ్య కోడిగుడ్డు ఆకారంలో మట్టిరంగు వలయం ఒకటి ఉంది. తను దాని పక్కన ‘గడ్డి పోయిన చోటు, బాగు చేయాలి’ అని రాసుకుంది. తెల్లారి చూస్తే ఆ వలయం మీద నలభై మంది కుర్రాళ్లు పరుగెత్తుతున్నారు.

ఫిబ్రవరి మంచు. మనుషులు కనపడే ముందు అడుగుల చప్పుడు వినపడింది. తర్వాత ఊపిర్లు. తర్వాత ఈల. ఈల వేస్తున్నాయన పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. చెవుల మీదుగా మఫ్లరు కట్టుకుని, ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో అంకెలు వేసిన నోటు పుస్తకం. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లంతా సైన్యంలో చేరడానికి తయారవుతున్నారట. 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేస్తే 60 మార్కులు, బీము పట్టుకుని పదిసార్లు పైకి లేస్తే 40 అని ఆయన లెక్క చెప్పాడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల సంగతి తెలిసిందే కదా. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు పటాలంలో ఉంటారు. 1962లో కోరుకొండలో పూసపాటి వారి పాత భవనంలో సైనిక పాఠశాల పెట్టింది అధికారులయ్యే పిల్లల కోసం. వీళ్లు సిపాయిలయ్యే పిల్లలు. వీళ్లకు పాఠశాల ఈ వలయమే.

సైనికుల మైదానం పాతబడిపోయిందని మేము అనుకుంటున్నాం. అక్కడ మాత్రం శిక్షణ ఒక్కరోజూ ఆగలేదు.

అమ్మాయి ఏమీ అనలేదు. నోటు పుస్తకం తెరిచి ‘బాగు చేయాలి’ అన్న మాట కొట్టేసింది.

తర్వాత నీళ్ల పరీక్ష. ఇది నేను ఊరికే చూద్దామనుకున్నది, చివరికి గునపం నా చేతికే వచ్చింది. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తవ్వి, బకెట్ నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో గడియారం పెట్టి చూడాలి. మొదటి గొయ్యి మైదానం నడిబొడ్డున. గునపం దిగదే! ఠంగుమని వెనక్కి వచ్చింది. ఎన్ని బూట్లు, ఎన్నేళ్లు తొక్కాయో, ఎర్రమట్టి కాల్చిన ఇటుకలా ఉంది. అరగంట కష్టపడి తవ్వి, నీళ్లు పోసి, కూర్చున్నాం. నలభై నిమిషాలయింది. నీళ్లు అలాగే ఉన్నాయి. ఒక చీమ ఈ ఒడ్డు నుంచి దిగి, మునిగి, తేలి, ఆ ఒడ్డుకు చేరి వెళ్లిపోయింది. నీటి మట్టం మాత్రం వేలెడు కూడా తగ్గలేదు. రెండో గొయ్యి మైదానం అంచున, వేపచెట్టు కింద. పోసిన నీళ్లు ఆరు నిమిషాల్లో మాయం. వేళ్లు దారి చేసిన చోట నేల తాగుతుంది.

అప్పుడు అమ్మాయి చెప్పిన సంగతి నాకు కొత్త. ఇలాంటి నేల మీద పైపైన నాలుగంగుళాలు చెరువు మట్టి పోసి పచ్చిక పరిస్తే, వానాకాలం బురదగుంట, వేసవి అప్పడం. అడుగున గట్టిపడిన పొరను పగలగొట్టి, ఆకుల ఎరువు కలిపి, వాలు చూసుకుని లోతు తక్కువ కాలువలు కోసి, వాన నీరు చెట్ల మొదళ్లకు చేరేలా చేయాలి. అది కూడా మైదానమంతా అక్కర్లేదట, చెట్లు పెట్టే అంచుల్లోనే. పరుగు నేల గట్టిగా ఉండాలి కదా. మరి ఏ చెట్లు అంటే, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ వీధిలో ఏవి నిలబడ్డాయో ఇంటింటికీ వెళ్లి ముసలివాళ్లను అడిగిందట. వేప, చింత, నేరేడు, తాడి అన్నారు. పేరు తెలియని పూల చెట్లన్నీ వేళ్లతో సహా పడుకున్నాయని కూడా అన్నారు. కాలేజీలో పాఠం కన్నా ఇది నయం అనిపించింది, అక్క ముందు అనలేదు గానీ. ఫీజులు కడుతున్నది తనే.

మైదానం తూర్పు కొసన మట్టిదిబ్బ ఒకటి ఉంది. తుపాకీ గురి నేర్చుకునే రోజుల్లో గుళ్లు అవతలికి పోకుండా పోసిన దిబ్బ. పెద్దవాళ్లు చాందమారి అనేవారు, మేము గుండుదిబ్బ అనేవాళ్లం. వేసవిలో వాన పడిన మర్నాడు పుల్లతో తవ్వితే సీసం గుళ్లు దొరికేవి. చెరువులో విసురువల వేసే ఒకాయన వాటిని గుప్పెడు అణాకు కొనేవాడు. కరిగించి వలకు గుళ్లు కట్టుకునేవాడు. ఆ అణాకు ఐసు పుల్ల. ఇంత గొప్ప జ్ఞాపకం చెబుతుంటే అమ్మాయి జేబులోంచి ప్లాస్టిక్ సంచులు తీసి, దిబ్బ మీద నాలుగు చోట్ల మట్టి ఎత్తి, మూతికట్టి, చీటీలు అంటించింది. సీసం మట్టిలో ఉండిపోతుందట, పిల్లల మెదడుకు చెరుపట. మట్టి పరీక్ష ఫలితం వచ్చేదాకా దిబ్బ చుట్టూ ప్లానులో ఎర్రగీత. తను మొదట దాని మీదే జారుడుబల్ల గీసింది, రబ్బరుతో చెరిపేసింది.

‘మేము ఆ చేతులతోనే మామిడికాయలు తిన్నాం, ఏమయింది?’ అన్నాను.

‘ఏమీ కాలేదని ఎవరు చెప్పారు?’ అంది. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. (అక్క అప్పుడే ఫ్లాస్కుతో వచ్చింది. ఇలాంటి మాటలకు సరిగ్గా అందుకుంటుంది.)

మైదానం బయట ఒకావిడ చోడి అంబలి అమ్ముతుంది. గ్లాసు ఇరవై, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉచితం. విజయవాడలో ఇదే అంబలిని మట్టి కప్పులో పోసి అరవై తీసుకుంటారు, పైగా రాగి జావ అంటారు. రెండు గ్లాసులు తాగి గోడ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి మైదానం మొత్తం కనిపిస్తుంది. కుర్రాళ్లు, నడిచే పెద్దలు, మేకలు, వికెట్లుగా మూడు ఇటుకలు, సైకిలు నేర్చుకుంటున్న ఒక నడివయసావిడ. ఆవిడ భర్త సీటు పట్టుకుని పరుగెత్తుతున్నాడు. వదిలేశాడేమోనని ఆవిడ, పడిపోతుందేమోనని ఆయన, ఇద్దరూ అరుస్తున్నారు.

చూస్తుంటే కలకత్తా గుర్తొచ్చింది. నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేసేవాడు. ఏడాదికోసారి మమ్మల్ని కలకత్తా తీసుకెళ్లి, జూ చూపించే ఓపిక లేక, మైదానంలో వదిలేసేవాడు. కనుచూపు మేర ఖాళీ. ప్లాసీ తర్వాత కొత్త ఫోర్ట్ విలియం కట్టినప్పుడు, ఫిరంగులకు అడ్డు ఉండకూడదని అడవి నరికి చేసిన ఖాళీ అది. ఈనాటికీ సైన్యం చేతిలోనే ఉంది. ఫిరంగి కోసం చేసిన ఆ ఖాళీలోనే మా తమ్ముడు గాలిపటం ఎగరేయడం నేర్చుకున్నాడు. అక్కడ మాకోసం ఎవరూ ఏమీ కట్టలేదు. ఏమీ లేదన్న దిగులు కూడా మాకు కలగలేదు.

ఈ సంగతి చెబితే అమ్మాయి ఆ రాత్రి ఫోనులో బెర్లిన్ ఫొటోలు చూపించింది. టెంపెల్‌హోఫ్ అనే చోటు. ప్రష్యా రాజుల సైన్యం కవాతు నేల, తర్వాత విమానాశ్రయం. 2008లో విమానాలు ఆగాయి, 2010లో జనానికి తెరిచారు. సుమారు 300 హెక్టార్లు. అక్కడా గొప్ప గొప్ప ప్లాన్లు గీశారు. అంచుల్లో ఇళ్లు కడతామన్నారు. 2014 మేలో ఊరివాళ్లు ఓట్లు వేసి, ఏమీ కట్టొద్దు, ఉన్నదున్నట్టు ఉంచండన్నారు. ఇప్పుడు రన్‌వే మీద సైకిళ్లు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. భరతపక్షులు గడ్డిలో గూళ్లు పెట్టే నెలల్లో ఆ మేరకు కంచె కడతారు.

‘మరి డిజైన్ చేయొద్దని రాస్తే నీకు మార్కులు వేస్తారా?’ అని అడిగాను.

‘అదే మామయ్యా భయం’ అంది.

మర్నాడంతా బంధువుల ఇళ్లు. దాని గురించి రాయడం అనవసరం. గంటస్తంభం దగ్గర ఒక చొక్కా కొన్నాను, పొట్టి అయింది.

ఆఖరిరోజు పొద్దున మళ్లీ మైదానం. నన్నెవరూ పిలవలేదు, నేనే లేచాను. వలయానికి పక్కగా కుర్రాళ్లు తవ్వుకున్న గొయ్యి ఒకటి ఉంది. పరీక్షలో తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి. దూకితే మార్కులేమీ ఉండవు, దూకకపోతే మాత్రం ఇంటికే. ఆ గొయ్యి అమ్మాయి కొత్త ప్లానులో ఉంది. కొలను పోయింది, టికెట్టు కిటికీ పోయింది, నడిచేవాళ్లు తొక్కి చేసిన బాటలే బాటలయ్యాయి. గొయ్యిని కూడా కొలిచి వేద్దామని దిగాం.

ఒక కుర్రాడు, నెల్లిమర్ల వైపు వాడు, మూడు నెలలుగా అక్కడే పడుతున్నాడట. మా ముందే రెండుసార్లు పరుగెత్తుకొచ్చాడు. రెండుసార్లూ అవతలి ఒడ్డుకు మడమ తగిలి వెనక్కి జారాడు. మోకాలికి ఎర్రమట్టి, దాని మీద రక్తం, ఏది ఏదో తెలియడం లేదు. హవల్దారు తిట్టడం కూడా మానేశాడు.

టేపు ఈ అంచున నేను పట్టుకున్నాను, ఆ అంచున అమ్మాయి. ‘ఎంత?’ అంది. కళ్లజోడు సరిచేసుకుని చూశాను. మళ్లీ చూశాను. తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు.

తవ్వినప్పుడు తొమ్మిదే. వానలకు, దూకేవాళ్ల కాళ్లకు రెండు అంచులూ విరిగి వెడల్పయింది. ఎవరూ మళ్లీ కొలవలేదు. హవల్దారు వచ్చి టేపు తన చేతిలోకి తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, రెండుసార్లు కొలిచాడు. లేచి ఆ కుర్రాడి వైపు చూశాడు గానీ మాట రాలేదు. అమ్మాయి సంచీలోంచి సున్నం పొట్లం తీసి, గొయ్యిలోకే ఒక పక్క మట్టి నింపించి, సరిగ్గా తొమ్మిది దగ్గర తెల్లగీత వేసింది.

‘అయితే నేను ఎప్పుడో దాటేశానన్నమాట’ అన్నాడు కుర్రాడు, హవల్దారుతో కాదు, గీతతో. వెనక్కి నడిచాడు. చాలా దూరం వెళ్లాడు, మేకల దాకా. అక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాడు.

నా బస్సు ఎనిమిదింటికి. దానికి అందలేదు.