కాయలు ఎవరు కడుగుతారు? గుజ్జు ఫ్యాక్టరీలో ప్యాసివ్ వాయిస్ నేర్చుకున్న అనుభవం

చిత్తూరు శివారులోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షలు చేసే ల్యాబులో నేను చేరిన మొదటి సీజనులోనే మా మేనేజరు ఒక పని అప్పగించారు. కాయ గేటు దాటి లోపలికి వచ్చినప్పటి నుంచి గుజ్జు డ్రమ్ములోకి చేరేవరకు జరిగేదంతా ఇంగ్లిష్‌లో రెండు పేజీలకు మించకుండా రాసి ఇవ్వాలి. విదేశీ కొనుగోలుదారు తరఫున తనిఖీకి వచ్చేవారికి ఆ కాగితం చూపించవలసి ఉంది. పని తెలిసినదాన్ని కనుక ధైర్యంగానే రాశాను. "వి వాష్ ది మ్యాంగోస్. వి కీప్ దెమ్ ఇన్ ది రైపెనింగ్ చాంబర్. వి రిమూవ్ ది స్టోన్స్." ఇలా ముప్పై వాక్యాలు, ముప్పైకీ మొదటి మాట 'వి'. మరునాడు కాగితం తిరిగి వచ్చింది. ప్రతి 'వి' చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి, అడుగున ఒకే మాట రాసి ఉంది: ప్యాసివ్.

ప్యాసివ్ వాయిస్ నాకు తెలియనిది కాదు. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ వరకు ప్రతి పరీక్షలోనూ వాయిస్ మార్చమని ఐదు వాక్యాలు ఇచ్చేవారు, నేను ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకునేదాన్ని. కర్మను ముందుకు తేవాలి, కర్తను వెనక్కి పంపి దానికి 'బై' తగిలించాలి, క్రియకు మూడో రూపం వాడాలి. దానికి తెలుగు అర్థం రాయమంటే "రావణుడు రామునిచే చంపబడెను" అని రాసేవాళ్లం. అయితే ఆ 'బడు' మా ఇంట్లో ఎవరి నోటా నేను విన్నది కాదు. "అన్నం అమ్మచేత వండబడింది" అని అనేవారు ఏ పల్లెలోనూ ఉండరు. అందువల్ల ప్యాసివ్ అంటే పరీక్ష కోసం వాక్యాన్ని తలకిందులు చేసే లెక్క అని, మాట్లాడేవారికి దానితో పని ఉండదని నా మనసులో స్థిరపడిపోయింది. ఒక వాక్యాన్ని ఎలా మార్చాలో నేర్పినవారు ఎప్పుడు మార్చాలో, అసలు ఎందుకు మార్చాలో చెప్పలేదు. బడిలో జరిగిన నష్టం అదేనని ఇప్పటికీ నేను గట్టిగా నమ్ముతాను.

ఆ చిక్కుముడి విప్పినది ల్యాబులో నాకంటే పదేళ్లు ముందు చేరిన అక్క. నా కాగితం పక్కన పెట్టి, "ఇంగ్లిష్ తర్వాత చూద్దాం గానీ, మీ అమ్మకు ఫోన్‌లో చెప్పినట్టు తెలుగులో చెప్పమ్మా, ఫ్యాక్టరీలో ఏం చేస్తారు?" అని అడిగింది. నేను చెప్పాను: "కాయలు మండీ నుంచి తెస్తారు. మాగబెడతారు. కడుగుతారు. తొక్క, టెంక తీసేస్తారు. గుజ్జును వేడిచేసి, చల్లార్చి, సంచుల్లో నింపుతారు." అక్క నన్ను ఆపి, "ఎవరు కడుగుతారు?" అంది. "షిఫ్టులో ఎవరుంటే వాళ్లు కడుగుతారక్కా" అన్నాను. "మరి వాళ్లు నీ వాక్యంలో ఎక్కడున్నారు?" అంది. వెతికి చూస్తే నిజంగానే లేరు. కర్త లేకుండానే ఐదు వాక్యాలు చెప్పాను, వినేవారికి ఏ లోటూ కనిపించదు. చివరనున్న 'తారు' ఎవరో మనుషులు చేస్తారన్నంత వరకే చెప్పి ఊరుకుంటుంది. ఇంగ్లిష్‌లో ప్యాసివ్ చేసే పనిని మన తెలుగులో చాలావరకు చేస్తున్నది 'బడు' కాదు, కర్త లేని ఈ 'తారు', 'ఆరు'లే.

మరి ఇంగ్లిష్‌వారికి క్రియనే మార్చవలసిన అవసరం ఏమిటన్న సందేహం నాకు మిగిలింది. దానికి కారణం వాక్యంలోని వరుసలో ఉంది. తెలుగులో "కాయలను కడుగుతారు" అన్నప్పుడు 'ను' ఉన్నందువల్ల కాయలు వాక్యం మొదట ఉన్నా అవి కడగవని, వాటినే కడుగుతారని తెలిసిపోతుంది. ఇంగ్లిష్ నామవాచకానికి అటువంటి ప్రత్యయం లేదు. క్రియకు ముందున్నదే కర్త. "ది మ్యాంగోస్ వాష్" అంటే మామిడికాయలే దేన్నో కడుగుతున్నట్టు అవుతుంది. అందుచేత కాయల గురించి చెప్పదలచి కాయలను ముందు పెడితే, క్రియను 'ఆర్ వాష్డ్' అని మార్చక తప్పదు. ఇది అర్థమైన సాయంత్రం ఆ రెండు పేజీలను గంటలో తిరగరాశాను. "ది ఫ్రూట్స్ ఆర్ రైపెన్డ్, వాష్డ్ అండ్ సార్టెడ్. ది స్టోన్స్ ఆర్ రిమూవ్డ్. ది పల్ప్ ఈజ్ హీటెడ్, కూల్డ్ అండ్ ఫిల్డ్ ఇంటు స్టెరైల్ బ్యాగ్స్." క్రియకు ముందున్న మాట ఒకటే అయినప్పుడు 'ఆర్', 'ఈజ్' ఒకసారి వస్తే చాలునని కూడా అక్కే చూపించింది. ఈసారి వాక్యాలన్నీ కాయతోనో గుజ్జుతోనో మొదలయ్యాయి. ఆ కాగితం చెప్పవలసిన కథ కూడా వాటిదే.

అక్కడితో ఆగకుండా, రోజూ నోటికి వచ్చే తెలుగు వాక్యాలలో కర్త లేనివాటిని ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ ఏడాది సీజను ముగిశాక తిరుపతి వెళ్లి, విష్ణునివాసం దగ్గర తెల్లవారుజామున వరుసలో నిలబడి సర్వదర్శనం టోకెన్ తీసుకున్నాను. మా వైపు మాటలో "నాకు టోకెన్ ఇచ్చినారు" అంటాం. దీన్ని నేను అంతకుముందైతే "దే గేవ్ మీ ఎ టోకెన్" అనేదాన్ని. అది తప్పు కాదు గానీ, ఆ 'దే' ఎవరని వినేవారు వెతుక్కోవలసి వస్తుంది. ఇంగ్లిష్‌లో సహజంగా చెప్పాలంటే "ఐ వాజ్ గివెన్ ఎ టోకెన్" అనాలి. ఇక్కడ నన్ను చాలా రోజులు తికమకపెట్టిన విషయం, మన 'నాకు' అక్కడ 'ఐ' కావడం. "నన్ను ఆగమన్నారు" అంటే "ఐ వాజ్ ఆస్క్డ్ టు వెయిట్". "మాకు చెప్పలేదు" అంటే "వి వర్ నాట్ టోల్డ్". "నాకు ఇంకా జీతం ఇవ్వలేదు" అంటే "ఐ హావ్ నాట్ బీన్ పెయిడ్ యెట్". తెలుగు వాక్యం నాకు, నన్ను, మాకు అని మొదలై 'ఆరు'తోనో 'లేదు'తోనో ముగిసి, మధ్యలో కర్త కనిపించకపోతే, అక్కడ ప్యాసివ్ వాడవచ్చునని గుర్తు పెట్టుకున్నాను. వ్యాకరణ పుస్తకంలోని పట్టికలకంటే ఈ ఒక్క గుర్తే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

'బై' సంగతి త్వరగానే తేలిపోయింది. బడిలో ప్రతి వాక్యానికీ తగిలించిన ఆ మాట రోజువారీ ఇంగ్లిష్‌లో చాలా తక్కువగా వస్తుంది. చేసినవారి పేరే అసలు విశేషమైనప్పుడు మాత్రం దాన్ని వదలకూడదు. 1919లో మదనపల్లెలో జనగణమన ఇంగ్లిష్‌లోకి అనువదింపబడిందని చెప్పి ఊరుకుంటే వాక్యం సగంలో ఆగినట్టు ఉంటుంది. 'బై టాగోర్' అన్నప్పుడే అది నిండుతుంది.

అన్నిటికంటే ఎక్కువ కాలం నన్ను వదలని తప్పు 'వాజ్ హ్యాపెన్డ్'. యంత్రం ఆగిన ప్రతిసారీ "ది బ్రేక్‌డౌన్ వాజ్ హ్యాపెన్డ్ ఎట్ టెన్" అని రాసేదాన్ని. జరగడం దానంతట అది అయ్యే పని, దాన్ని ఇంకొకరు చేయరు, కనుక దానికి ప్యాసివ్ లేదు; 'హ్యాపెన్డ్' అంటే చాలు. వచ్చాడు, చనిపోయాడు, కనిపించింది అనేవీ అంతే. ఈ తేడాను గ్రహించడానికి తెలుగులోని క్రియల జంటలు నాకు దారి చూపాయి. సంచి పగిలింది, సంచిని పగలగొట్టారు. నీళ్లు మరిగాయి, నీళ్లు మరిగించారు. తలుపు తెరుచుకుంది, తలుపు తెరిచారు. ప్రతి జంటలో మొదటిదానికి మామూలు క్రియ, రెండోదానికి ప్యాసివ్: "ది డోర్ ఓపెన్డ్", "ది డోర్ వాజ్ ఓపెన్డ్". మన భాషలో రెండు వేర్వేరు క్రియారూపాలుగా ఉన్నది ఇంగ్లిష్‌లో ఒకే క్రియ కావడం వల్లనే మనం తడబడుతున్నామని నా అభిప్రాయం.

'చేయించు'కు కూడా ఇలాగే జవాబు దొరికింది. "ఫోన్ బాగు చేయించాను" అనడానికి "ఐ రిపేర్డ్ మై ఫోన్" అంటే నేనే విప్పి బాగు చేసినట్టు అవుతుంది. "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్" అనాలి. 'బీయింగ్', 'బీన్' మధ్య తేడా మాత్రం షిఫ్టు మారేటప్పుడు తెల్లబోర్డు మీద రాసీ రాసీ అలవాటైంది. ట్యాంకు కడుగుతూ ఉంటే 'ఈజ్ బీయింగ్ క్లీన్డ్', కడగడం అయిపోతే 'హాజ్ బీన్ క్లీన్డ్'. ఈ రెండింటినీ తారుమారు చేస్తే కడగని ట్యాంకులోకి గుజ్జు వదిలే ప్రమాదం ఉంది కనుక దీన్ని ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నాను.

మూడో సీజనులో ఒక రాత్రి షిఫ్టులో రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకు ఉష్ణోగ్రత పట్టీ ఖాళీగా ఉండిపోయింది. ఆ పట్టీ నింపవలసినది నేనే. పొద్దున నివేదికలో "ది టెంపరేచర్ వాజ్ నాట్ రికార్డెడ్" అని రాశాను. వ్యాకరణం ప్రకారం అందులో దోషం లేదు. మేనేజరు అది చదివి, "ఎవరు రాయలేదమ్మా?" అని మెల్లగా అడిగారు. కాయలు కడిగేవారి పేరు అక్కరలేదు కనుక అక్కడ కర్తను వదిలేశాం. ఇక్కడ కర్త కావాలి, నేను వదిలేశాను. యంత్రం నడుపుతున్న అన్న మీదికి అనుమానం పోయేలా ఆ వాక్యం ఉందని అప్పుడు గమనించి నా మనసు చివుక్కుమంది.

నివేదిక వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. మొదటి వాక్యం "ఐ డిడ్ నాట్ రికార్డ్ ది టెంపరేచర్" అయింది. రెండోది "ది మెషీన్ చార్ట్ ఈజ్ అటాచ్డ్", మూడోది "ది డ్రమ్స్ ఆర్ బీయింగ్ హెల్డ్ అంటిల్ ది ల్యాబ్ రిజల్ట్స్ ఆర్ రిసీవ్డ్". మేనేజరు మూడూ చదివి సంతకం చేశారు. డ్రమ్ములను ఎవరు పక్కన పెట్టారని ఆయన అడగలేదు.