తూకం దగ్గరే మొదలైంది

ఆదివారం, రాత్రి

పొద్దుట్నుంచీ ముసురు. ఆరేసిన బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. మధ్యాహ్నం ‘మేట్‌వాన్’ మళ్లీ చూడటంతో గడిచింది. 1920లో వెస్ట్ వర్జీనియాలో జరిగిన బొగ్గుగని సమ్మె మీద జాన్ సేల్స్ 1987లో తీసిన సినిమా. ఎవరిని కదిపినా చివరి కాల్పుల గురించే చెబుతారు గానీ, దీని ప్రాణమంతా కూలి లెక్కల్లో ఉంది.

రైలు దిగిన నల్లజాతి కూలీలకు కంపెనీ మనిషి షరతులు చదివి వినిపించే చోటే చూడండి. వచ్చిన రైలు ఛార్జీ కూలిలోంచి కోత. పనిముట్లకు కోత. పలుగు పట్టకముందే అప్పు. పైగా ఇచ్చేది డాలర్లు కాదు, కంపెనీ దుకాణంలో చెల్లే కంపెనీ డబ్బు. అక్కడ ధర పెట్టేదీ కంపెనీయే కాబట్టి, కూలి పెంచినా పప్పుఉప్పుల మీద ఆ పెంపు లాగేసుకోవచ్చు.

సినిమా టన్ను బొగ్గుకిచ్చే కూలి రేటు తగ్గించారన్న వార్తతో మొదలవుతుంది. రేటు కంటే తూకం పెద్ద మోసం, దాన్ని ఇంకాస్త విప్పి చూపాల్సింది. 2,000 పౌండ్లు టన్ను అనుకుని కార్మికుడు తవ్వితే, చాలా గనుల్లో 2,240 పౌండ్లకు గానీ టన్ను కట్టేవారు కాదు. బొగ్గు నింపే టబ్బు అంచులకు చెక్కలు బిగించి ఎక్కువ బొగ్గు పట్టేలా చేసి, పాత లెక్కకే కూలి ఇచ్చేవారు. బొగ్గులో రాయి కలిసిందని మళ్లీ కోత. కాటా దగ్గర కూర్చునేది కంపెనీ గుమాస్తా. అందుకే కార్మికులు తామే ఎన్నుకుని, తామే జీతమిచ్చే మనిషిని కాటా దగ్గర నిలబెట్టాలని యూనియన్ పట్టుబట్టేది.

ఇంకొకటి. కప్పు కూలకుండా దుంగలు నిలపడం, పట్టాలు వేసుకోవడం, రాయి ఎత్తిపోయడం, వీటికి చాలాచోట్ల పైసా రాదు. దుంగ నిలిపినంతసేపూ బొగ్గు తవ్వనట్టే. దాంతో ఆ పనిలో తొందర, కప్పు కూలితే తప్పు కార్మికుడిదే!

యూనియన్‌లో చేరనని సంతకం పెట్టించుకుని పనిలోకి తీసుకునేవారు. చేరితే పనీ పోతుంది, కంపెనీ ఇల్లూ పోతుంది. అది అద్దె ఇల్లు కాదు, నౌకరీతో వచ్చిన వసతి అన్నది కంపెనీల వాదన, కాబట్టి గడువివ్వక్కర్లేదు. 1920 మే 19న కంపెనీల తరఫున పనిచేసే బాల్డ్విన్-ఫెల్ట్స్ ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ మనుషులు మేట్‌వాన్ ఊళ్లో దిగింది ఇలా ఇళ్లు ఖాళీ చేయించడానికే. తిరుగు రైలెక్కేలోపు ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ అడ్డం నిలబడ్డాడు. కాల్పుల్లో పది మంది చచ్చిపోయారు: ఏడుగురు ఏజెన్సీ వాళ్లు, ఇద్దరు గని కార్మికులు, ఊరి మేయర్ టెస్టర్‌మన్.

హాట్‌ఫీల్డ్‌గా డేవిడ్ స్ట్రాథెయిర్న్ తక్కువ మాటలతో నెట్టుకొచ్చాడు, బాగుంది. ఏజెన్సీ గూఢచారి సి.ఇ. లైవ్లీ కూడా కల్పన కాదు. నిజంగానే ఆ ఊళ్లో హోటల్ నడుపుతూ, యూనియన్ వాళ్లతో కలిసి తిరుగుతూ కబుర్లు చేరవేశాడు, తర్వాత కోర్టులో సాక్ష్యమూ చెప్పాడు. యూనియన్ నాయకుడు జో కెనెహన్ మాత్రం కల్పన. క్రిస్ కూపర్ నటనకు వంక పెట్టలేం. కాకపోతే బయటినుంచి ఒక్కడొచ్చి అందర్నీ కలిపినట్టు కనబడుతుంది. అసలు ఆ వసంతంలో మేట్‌వాన్ ఉన్న మింగో కౌంటీలో యూనియన్ ప్రమాణాలు చేసినవాళ్లు వేలల్లో ఉన్నారు. సినిమాకి ఒక ముఖం కావాలి, సరే.

తర్వాతి కథను చివర్లో ఓ ముసలి గొంతు రెండు ముక్కల్లో చెప్పేస్తుంది. కాల్పుల కేసులో జ్యూరీ హాట్‌ఫీల్డ్‌ను వదిలేసింది. 1921 ఆగస్టు 1న వెల్చ్ ఊరి కోర్టు మెట్ల మీద ఏజెన్సీ మనుషులే అతన్నీ, పక్కనున్న స్నేహితుడు ఎడ్ చాంబర్స్‌నూ కాల్చి చంపారు. నెల తిరక్కుండా వేలమంది కార్మికులు తుపాకులు పట్టుకుని బ్లెయిర్ కొండ వైపు నడిచారు. దానికి ఇంకో సినిమా కావాలి.

వాన వెలిసింది. రేపు ఆ షరతుల దృశ్యం ఒక్కటీ ఆపి ఆపి చూసి, కోతలన్నీ వరసగా రాసుకోవాలి.