మాస్టారి ఎడం చెప్పు

మన కాలేజీ పాత బ్యాచ్ మీట్‌కి వేస్తున్న సావనీరు కమిటీ వాళ్లు ఫోన్ చేసి, తెలుగు మాస్టారి మీద రెండు పేజీలు నువ్వే రాయాలన్నారు. నేనే ఎందుకన్నాను. "ఆ రాత్రి గోదావరి దాటే పంటు మీద మాస్టారితో ఉన్నది మీరు నలుగురేగా. ఒకడు పోయాడు, ఒకడు డాలస్‌లో ఉన్నాడు, ఫోనెత్తడు. లాంతరుగాడు రాస్తే అచ్చెయ్యలేం" అన్నారు. ఆ చివరి మాటకి ఎదురు చెప్పడానికి నాకేమీ దొరకలేదు.

1978లో ఇంటర్‌లో చేరాను, 80లో బయటపడ్డాను. రెండో సంవత్సరం ఏమైపోయిందో నాకు తెలీదు. ఆరో నంబరు గది కిటికీ, లెక్కల మాస్టారి దగ్గు, ఎలక్షన్లో పెసరట్టుగాడు వేసిన ఓటు, అంతే మిగిలాయి. ఓటు సంగతి ఇక్కడ రాయను. ఆ సంగతిలోని ఆవిడ కూడా మీట్‌కి వస్తున్నారని విన్నాను.

మనం ఎంపీసీ వాళ్లం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, అంటే వెనక బెంచీలో లెక్కల రికార్డు రాసుకునే పీరియడు. మాస్టారికి ఆ సంగతి తెలుసు. "రాసుకోండ్రా, చెవులు మాత్రం ఇటు పెట్టండి" అనేవారు. పద్యం ఎత్తుకునే ముందు పొడుం పట్టు పట్టేవారు. తుమ్ము మాత్రం సరిగ్గా యతి దగ్గర వచ్చేది. నాకిప్పటికీ కొన్ని పద్యాలు ఆ తుమ్ముతోనే గుర్తున్నాయి.

క్వార్టర్లీ పరీక్షలో సిలబస్‌లో లేని పద్యం ఇచ్చింది ఆయనే. నన్నయ గారి శారదరాత్రులు. ముందురోజు క్లాసులో రెండుసార్లు చదివి, అర్థం చెప్పకుండానే గంట కొట్టగానే వెళ్లిపోయారు. ప్రతిపదార్థం రాయమన్నారు. కైరవం అంటే కలువ. నేను అక్కడికొచ్చి తామర అని రాశాను. "అప్పుడే విరిసిన తామరపూల వాసన". మా ఊరి చెరువు నిండా తామరలే, నాకు ఇంకో పువ్వు తెలీదు. పేపర్లు ఇచ్చేటప్పుడు నన్ను లేపి నిలబెట్టారు.

"రాత్రిపూట తామర విచ్చుకుంటుందా అబ్బాయ్?"

"ఆయ్, విచ్చుకుంటుందండీ" అన్నాను, భయానికి.

"ఎప్పుడు చూశావు?"

"చూళ్లేదండీ."

"చూడకుండా రాశావన్నమాట."

ఐదుకి సున్నా. మిగతా మాటలన్నింటికీ అర్థం సరిగ్గానే రాశాను. అర మార్కు కోసేస్తే ఊరుకునేవాణ్ని. లెక్కల్లో స్టెప్పులకి మార్కులుంటాయి కదండీ అని అడిగాను కూడా. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

ఇక ఆ రాత్రి. కార్తీకం, పౌర్ణమికి ముందొచ్చిన సోమవారం. బస్సు లేటయ్యి మేం ముక్తేశ్వరం రేవుకి వచ్చేసరికే పొద్దు వాలింది. అవతల కోటిపల్లి గుళ్లో మైకు వినిపిస్తోంది. పంటు మీద మనుషుల మధ్య చెయ్యి దూరే సందు లేదు. దీపాలు వదలడానికి వెళ్లే ఆడవాళ్లు, సైకిళ్లు, అరటి గెలలు, ఒక గేదె. అందులో చంకన గొడుగు పెట్టుకుని మాస్టారు. సరంగు చాలు చాలంటున్నా జనం ఎక్కుతూనే ఉన్నారు. సగం దూరం వెళ్లాక కింద గరగరమని చప్పుడైంది. పంటు ఇసుక మేట మీదికెక్కి కూర్చుంది. సరంగు ఇంజను వెనక్కి తిప్పి చూశాడు. నల్లటి పొగొచ్చింది గానీ అంగుళం కదల్లేదు.

బరువు తగ్గాలి, మగాళ్లు దిగండన్నాడు. మోకాలి లోతు నీళ్లు. గేదె దిగనంది. మాస్టారు పంచె ఎగగట్టి దిగారు. నాలుగడుగులు వేశారో లేదో ఎడం చెప్పు ఒండ్రులో దిగబడిపోయింది. లాంతరుగాడు భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. దొరకలేదు. ఇంజనేమో ఇంకా మొరాయిస్తూనే ఉంది. సరే, ఇంకో పడవ వచ్చేదాకా ఉందామని మేట ఎత్తుగా ఉన్నచోట పొడి ఇసుకలో కూర్చున్నాం.

మాస్టారు పొడుం పట్టు పట్టి పద్యం ఎత్తుకున్నారు. ఈసారి తుమ్ము రాలేదు. పూర్తయ్యాక, "ఏం వాసనొస్తోందిరా?" అన్నారు.

"డీజిలండీ" అన్నాడు లాంతరు. 

"గేదండీ" అన్నాడు ఇప్పుడు డాలస్‌లో ఉన్నవాడు.

"కలువ లేదుగా?"

"లేదండీ."

"ఐదుకి ఐదు" అన్నారు.

తరవాత గుప్పెడు ఇసుక తీసి, వేళ్ల సందుల్లోంచి మెల్లగా వదిలారు. వెన్నెట్లో అది తెల్లగా, ధారగా రాలింది. గాలికి కొంచెం పక్కకి చెదిరింది. నన్నయ గారు వెన్నెలని కర్పూరం పొడితో పోల్చారని పరీక్షలో నేను సరిగ్గానే రాశాను. అర్థం రాశాను గానీ కర్పూరం పొడి ఎలా రాలుతుందో అప్పుడే చూశాను. నా మొహం చూసి మాస్టారికి తెలిసిపోయినట్టుంది, ఇంకో గుప్పెడు నా చేతిలో పోశారు.

అప్పుడు చెప్పారు. రాజరాజ నరేంద్రుడి కొలువులో ఉండి, ఈ గోదావరి గాలే పీల్చి, భారతం తెలుగు చేస్తూ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఈ పద్యం దాకా వచ్చి ఆగిపోయాడు నన్నయ. తిక్కన ఆ మిగిలినది ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. అరణ్యపర్వం శేషం ఎర్రన చేతికి రావడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది.

లాంతరుగాడు చుట్టూ నీళ్లవైపు చూసి, "మన కోసమైనా ఎవరన్నా తొందరగా వస్తారా అండీ?" అన్నాడు. మాస్టారు అంతలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు క్లాసుకి వట్టి కాళ్లతో వచ్చారు. మనం చందా వేసుకున్నాం, పదకొండు రూపాయల నలభై పైసలు. లాంతరుగాడు ట్రెజరర్. "కుడిచెప్పు బానే ఉందిరా, సగం చాలు" అని ఐదు రూపాయల డెబ్భై పైసలు లెక్కపెట్టి తీసుకుని, మిగతాది వాడి చేతిలో పెట్టారు.

ఆ తరవాత నా సంగతి మీకు తెలిసిందే. కాకినాడలో ఇంజినీరింగ్, ఇరిగేషన్‌లో ఉద్యోగం. చేరిన ఏడాదికే 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను ఏటిగట్టు మీద డ్యూటీ. గంటగంటకీ నీటిమట్టం గేజి చూసి పుస్తకంలో రాయాలి. తెల్లవారుజామున రెండింటికి ఒకటే వాన. లస్కరు గొడుగు పట్టుకుని, "ఇందాక ఎంతుందో అంతే రాసెయ్యండి బాబూ, ఈ చీకట్లో ఎవడు దిగుతాడు" అన్నాడు. పెన్ను తీశాను కూడా. తామరపువ్వు గుర్తొచ్చింది. టార్చి పట్టుకుని మెట్లు దిగాను. అరడుగు పెరిగి ఉంది. బస్తాలు మోసేవాళ్లని లేపాం. మా సెక్షన్లో గట్టు నిలిచింది. నా వల్లే నిలిచిందని చెప్పను. సూపరింటెండింగ్ ఇంజినీరుగా రిటైరయ్యేదాకా చూడని రీడింగు మాత్రం ఒక్కటీ రాయలేదు. మా ఆఫీసులో దీన్ని చాదస్తం అనేవారు.

ఆ సంగతంతా మాస్టారికి ఉత్తరం రాశాను. కార్డు ముక్క వచ్చింది. "అరడుగు అన్నావు. అంగుళాల్లో ఎంత?" ఇంకేమీ లేదు. ఐదున్నర అంగుళాలండీ అని తిరుగు టపాలో రాశాను.

మొన్న ఆషాఢంలో పోయారు. తొంభై దాటాయి. పెద్దకర్మకి వెళ్లాను. ఇప్పుడు యానాం, ఎదురులంక వంతెన ఉంది, కారు రేవులో ఆగే పని లేదు. అయినా డ్రైవర్ని కోటిపల్లి వైపు తిప్పమని కాసేపు గట్టు మీద నిలబడ్డాను. మేట ఉన్న చోట ఎర్రనీళ్లు పారుతున్నాయి. మాస్టారి పెద్దబ్బాయి, నాకంటే రెండేళ్లు చిన్న, వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. "ఇదుగోనండీ మీది" అని పాత డైరీలోంచి ఒక కాగితం తీశాడు. నా క్వార్టర్లీ పేపరు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. తామర కింద ఎర్రసిరా గీత, పక్కన సున్నా. దాని పక్కన నీలం సిరాతో, ఎప్పుడు రాశారో, "గోదావరిలో చూపించాను" అని ఉంది. సున్నా మాత్రం కొట్టెయ్యలేదు.

ఫొటో పంపమని కమిటీ అడిగింది. నా దగ్గరున్న గ్రూప్ ఫొటోలో మాస్టారికి లాంతరుగాడి తల అడ్డొచ్చింది. అదే పంపుతున్నాను. వాడు మీట్‌కి వస్తానన్నాడట. మిగిలిన ఐదు రూపాయల డెబ్భై పైసల లెక్క అక్కడ తేల్చుకుందాం.