587 సెక్షనూ, ఒక ఆదివారం సినిమా

ఆదివారం, మధ్యాహ్నం రెండు.

తెరలు దించేసి పాత ఇటాలియన్ కామెడీ పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి వేళ ఉండదు. ఇవాళ్టి వంతు పియెత్రో జెర్మి 1961లో తీసిన ‘దివోర్త్సియో అల్ ఇటాలియానా’. ఇటలీ తరహా విడాకులు అని అర్థం. ఆ కాలపు ఇటలీ కామెడీలన్నిటికీ ‘కొమ్మేదియా అల్ ఇటాలియానా’ అనే పేరు ఈ సినిమా పేరునుంచే అంటుకుంది. నలుపు తెలుపు, గంటా నలభై నిమిషాల పైచిలుకు. ఆస్కార్‌లో ఒరిజినల్ స్క్రీన్‌ప్లే అవార్డు కూడా తెచ్చుకుంది.

కథ చెబితే ఇవాళ ఎవరికైనా కడుపులో దేవినట్టవుతుంది. సిసిలీలో ఆగ్రమోంతె అనే ఊరు (కల్పితం), అందులో ఫెఫే అనే బారన్. మార్చెల్లో మస్త్రొయాన్ని వేశాడు. నూనె రాసి అణచిన జుట్టు, సన్నని మీసం, ఉండుండి పెదవి చివర ఒక చప్పరింపు. పెళ్లాం రొసాలియా అంటే మొహం మొత్తింది, బంధువుల పిల్ల ఆంజెలా మీద మనసు పడ్డాడు. దేశంలో విడాకులు లేవు. అందుకని పెళ్లాం వెనకటి ప్రేమికుణ్ణి వెతికి ఇంటికి రప్పిస్తాడు. వాళ్లిద్దరూ దగ్గరయ్యేదాకా కాచుకుని, పట్టుకుని, ఆమెను కాల్చి, కొద్దికాలం జైలుకెళ్లి వచ్చేయాలని పథకం.

పెళ్లాన్ని చంపడం కామెడీయా? ఈ తరం అడిగే ఈ ప్రశ్న న్యాయమైనదే. పాతకాలం, అప్పట్లో అలాగే ఉండేది అని దులిపేసుకుంటే అడిగినవాళ్లకు జవాబు చెప్పినట్టు కాదు.

జవాబు కావాలంటే ముందు ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాసి పక్కన పెట్టుకోవాలి. ఇటలీ 1930 శిక్షాస్మృతి, 587వ సెక్షన్: భార్య లేదా భర్త గానీ, కూతురు గానీ, అక్కచెల్లెళ్లలో ఎవరైనా గానీ అక్రమ సంబంధంలో ఉండగా చూసి, తన పరువో ఇంటి పరువో పోయిందన్న ఆగ్రహంలో చంపేస్తే శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. మామూలు హత్యకు అదే చట్టంలో తక్కువలో తక్కువ 21 ఏళ్లు. విడాకుల చట్టం వచ్చింది 1970 డిసెంబరు 1న; దాన్ని కొట్టేయాలా అని 1974 మేలో దేశమంతా ఓటేస్తే 59 శాతం వద్దన్నారు. 587ని ఎత్తేసింది మాత్రం 1981 ఆగస్టులో.

అంటే సినిమా వచ్చాక ఇరవై ఏళ్లు ఆ సెక్షన్ బతికే ఉంది. ఈ లెక్క తెలియకుండా చూస్తే ఫెఫే ఒక పిచ్చివాడిలా, కథ ఓ పిట్టకథలా కనిపిస్తుంది. తెలిసి చూస్తే వాడు చేస్తున్నది కూడికలూ తీసివేతలే. 21కీ 3కీ మధ్య ఉన్న తేడాలోనే కథంతా ఉంది. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: ఇదంతా దర్శకుడి అతిశయోక్తి అనుకుంటారు. జెర్మి చట్టానికి ఒక్క ముక్క కలపలేదు. దాన్ని ఉన్నదున్నట్టు ఒక బద్ధకస్తుడైన జమీందారు చేతికిచ్చి, ఏం చేస్తాడో చూపించాడు.

కోర్టు దృశ్యం దగ్గర తప్పకుండా ఆపి చూడాలి. తనను మోసం చేసినవాణ్ణి చంపిన ఒక ఆడమనిషి కేసు నడుస్తుంటుంది. లాయరు చేతులు ఊపుతూ, గొంతు వణికిస్తూ వాదిస్తుంటే ఫెఫే వింటూ కూచుంటాడు. ఆ తర్వాత తన పథకంలో ఒక్కో మెట్టు ఎక్కుతున్నప్పుడల్లా అదే లాయరు గొంతు వాడి తలలో మోగుతుంది, ఈసారి వాడి తరఫున. హత్య జరగకముందే డిఫెన్సు తయారైపోయింది. ఈ ఒక్క ఎత్తుగడ చాలు, దెబ్బ ఎవరి మీదో తెలియడానికి.

సబ్‌టైటిల్స్‌తో ఒక చిక్కుంది. ‘కొర్నూతో’ అనే మాటకి ‘మోసపోయిన భర్త’ అని వేసి ఊరుకుంటారు. ఆ మాటకు అర్థం కొమ్ములున్నవాడు అని. చూపుడువేలూ చిటికెనవేలూ నిలబెట్టి చూపించే సైగ అదే. అది మొగుడూ పెళ్లాల మధ్య మాట కాదు, ఊరు వేసే ముద్ర. పెళ్లాం లేచిపోయాక ఊరు ఫెఫేని చూసే చూపు ఎందుకు మారుతుందో, ఆకాశరామన్న ఉత్తరాలు ఎందుకు వస్తాయో ఈ మాట పట్టుకుంటేనే అర్థమవుతుంది. ఇంకోటి: పెదవులకీ మాటకీ అక్కడక్కడా పొత్తు కుదరకపోతే ప్రింటు పాడైందని అనుకోవద్దు. ఆనాటి ఇటలీలో మాటలన్నీ షూటింగ్ అయ్యాక స్టూడియోలోనే చెప్పించేవారు.

సాయంత్రం ఐదు.

టీ తాగి రెండోది. మూడేళ్ల తర్వాత, 1964లో జెర్మీయే తీసిన ‘సెదొత్తా ఎ అబ్బందొనాతా’, లోబరచుకుని వదిలేసిన పిల్ల. దీనికి రాసుకోవాల్సిన సెక్షన్ 544: చెరిచినవాడు ఆ పిల్లనే పెళ్లాడితే నేరం మాఫీ. ‘దిద్దుబాటు పెళ్లి’ అనేవారు. ఇది కూడా 1981లో, 587తో కలిపి ఒకే చట్టంతో పోయింది.

పెప్పీనో తనకు కాబోయే భార్య చెల్లెల్ని, పదహారేళ్లయినా లేని ఆగ్నేసెని, లోబరచుకుంటాడు. తర్వాత ఆ పిల్లనే చేసుకోమంటే ఒప్పుకోడు. కన్నెరికం పోయిన పిల్లను చేసుకోవడం తన పరువుకు తక్కువట. ఆమె తండ్రిగా సారో ఉర్త్సీ అరుపులు, పరుగులు, చెంపదెబ్బలు చూసి 1964లో కాన్ (కేన్స్) చిత్రోత్సవ జ్యూరీ ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చింది. ఆ తండ్రికి కూతురి కన్నీళ్లు కనిపించవు, కిటికీల వెనక ఉన్న కళ్లే కనిపిస్తాయి. కేసు తప్పించడానికి నడివీధిలో దొంగ కిడ్నాపు ఏర్పాటు చేస్తారు. అందరూ చూడాలి కనుక అందరూ ఉన్న వేళ చూసుకుని మరీ చేస్తారు.

మన పాత సినిమాల్లో పంచాయతీ పెద్దలు ‘ఎలాగూ చెడిపోయింది, వాడికే ఇచ్చి కట్టబెట్టండి’ అని తీర్పు చెబితే వెనక సన్నాయి మోగేది. ఆ సన్నాయి విన్న చెవులకు జెర్మి సినిమా నెత్తిన మొట్టికాయ. ఇక్కడ పెళ్లి దగ్గరపడే కొద్దీ ఆగ్నేసె మొహం పాలిపోతుంది, చుట్టూ మొహాలు కెమెరాకి మరీ దగ్గరగా, వంకరగా, పళ్లు ఇకిలిస్తూ వస్తాయి. అది ఊరేగింపా, పీడకలా అన్నది తెలియదు.

సినిమా వచ్చిన రెండేళ్లలోపే, 1965 డిసెంబరు 26న, సిసిలీలోనే అల్కామోలో ఫ్రాంకా వియోలా అనే అమ్మాయిని నిజంగానే ఎత్తుకుపోయారు. ఆమెకు అప్పటికి పదిహేడేళ్లు. దిద్దుబాటు పెళ్లికి ఒప్పుకోనని ఆమె బాహాటంగా చెప్పింది, తండ్రి వెనక నిలబడ్డాడు, ఎత్తుకుపోయినవాడికి జైలు పడింది. జెర్మి ఆగ్నేసెకి దొరకని దారి ఆ అమ్మాయి తనే వేసుకుంది. ఈ సినిమా చూసినవాళ్లు ఆమె గురించి కూడా చదవాలి. సినిమాలో లేని సగం అక్కడుంది.

ఇక జెర్మిని నిలదీయాల్సిన చోట్లు.

మొదటిది సిసిలీ. రెండో సినిమాలో ఒక పోలీసు అధికారి గోడమీది ఇటలీ పటంలో సిసిలీని అరచేత్తో మూసి, ఇప్పుడు బాగుంది అంటాడు. థియేటర్లో గట్టిగా నవ్వు పడే చోటు. కానీ 587, 544 సిసిలీ చట్టాలు కావు. రోములో రాసినవి, మిలానులోనూ అమల్లో ఉన్నవి. జెర్మిది జెనోవా, ఉత్తరాది. దేశమంతటి సిగ్గునీ ఒక దీవి నెత్తిన పెట్టి నవ్విస్తే, ఉత్తరాది ప్రేక్షకుడు చేతులు దులుపుకుని ఇంటికెళ్లిపోతాడు. సిసిలీవాళ్ల కోపంలో న్యాయముంది.

రెండోది ఆంజెలా. ఆ వేషం వేసిన స్తెఫానియా సాంద్రెల్లి 1946 జూన్‌లో పుట్టింది. మొదటి సినిమా విడుదలైంది 1961 డిసెంబరులో. వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆఖరి పడవ దృశ్యంలో ఈతదుస్తుల్లో ఉన్న ఆ పిల్ల పక్కన ఫెఫే గెలిచినవాడిలా కూర్చుంటే, ఆమె పాదం పడవ నడిపే కుర్రాడి పాదాన్ని తాకుతుంటుంది. ఫెఫేకి తగిన శాస్తి జరిగిందని నవ్వుతాం. కానీ కెమెరా ఆ పిల్ల ఒంటిమీద ఎలా నిలబడిందో చూస్తే, దానికి ఏ సెక్షనూ సాకు కాదు.

‘పాత వివాదాస్పద కామెడీ’ అని అన్నిటినీ ఒకే గంపలో వేయడం కూడా పొరపాటే. 1974లో లీనా వెర్త్‌ముల్లర్ తీసిన సినిమా ఒకటుంది: ధనవంతురాలు, నౌకరు, మనుషుల్లేని దీవి. అతను కొడతాడు, ఆమె ప్రేమిస్తుంది. అది వర్గపోరాటానికి రూపకమని ఆమె పక్షంవాళ్లు అంటారు. తీసింది కూడా గొప్ప దర్శకురాలే, ఆ తర్వాతి సినిమాకు దర్శకత్వ విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి మహిళ. అయినా ఆ చెంపదెబ్బల దగ్గర నవ్వు కొట్టినవాడి వైపే నిలబడుతుందని నా తీర్పు. ఇక డెబ్బైలలో తాళంచెవి కన్నంలోంచి టీచరమ్మల్నీ నర్సుల్నీ తొంగిచూసిన చవక కామెడీలకు ఏ చట్టంతోనూ పేచీ లేదు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.

అప్పటి సెన్సారుకి ఏది అభ్యంతరమో కూడా గుర్తుంచుకోవాలి. మారియో మొనిచెల్లి 1955లో విడుదల చేసిన ‘తొతో ఎ కరొలీనా’ని కోతలతో చీల్చేశారు. ఎందుకంటే అందులో ఒక పోలీసు కాస్త తెలివితక్కువగా, కాస్త జాలిగా ఉంటాడు. యూనిఫారం మీద జోకు వేస్తే కత్తెర పడేది.

రాత్రి పది.

మొదటి సినిమాలో తొలి భాగం మళ్లీ పెట్టాను, ఈసారి మాట తీసేసి, సబ్‌టైటిల్స్ ఆపేసి. ఈ సినిమాను రెండోసారి చూసేవాళ్లు తప్పక చేయాల్సిన పని ఇది. మనం నవ్వేదంతా ఫెఫే చెవిలో చెబుతున్న కథకే. రొసాలియా సబ్బు ఉడికిస్తుంటే ఆమెను ఆ గాబులోకి తోసినట్టు ఊహిస్తాడు, సముద్రం ఒడ్డున ఊబిలో దించుతాడు, రాకెట్‌లో అంతరిక్షానికి పంపుతాడు. వాడి గొంతు ఆగిపోతే మిగిలేది ఆమె. రొసాలియాగా వేసిన డానియేలా రొక్కా అందగత్తె. కనుబొమలు దట్టం చేసి, పైపెదవి మీద నూనూగు మీసం పెట్టి ఆమెను అలా మార్చారు. అది ఫెఫే కళ్లతో చూస్తున్నాం కనుక అని సర్దిచెప్పవచ్చు. సగమే ఒప్పుకుంటాను, ఎందుకంటే వేరే కళ్లతో ఆమెను చూసే అవకాశం సినిమా మనకు దాదాపు ఇవ్వదు.

చప్పుడు లేకుండా చూస్తే ఇస్తుంది. మంచం మీద మొగుడి వైపు తిరుగుతుంది, నవ్వుతుంది, చేయి వేస్తుంది, ఏదో అడుగుతుంది. నన్ను ప్రేమిస్తున్నావా, ఎంత ప్రేమిస్తున్నావు అనే. వాడు అటు తిరిగి ఉంటాడు. ఆమె మళ్లీ అడుగుతుంది.