పాత ఎంసెట్ బిట్లు పనికొస్తాయా?

అనంతపురంలో పాత బిట్ బ్యాంకులు కొనే పిల్లలకు, కొనిచ్చే అమ్మానాన్నలకు ఒక మాట. లెక్కలకు వయసు రాదు. ఇరవై ఏళ్ల నాటి నిశ్చిత సమాకలని ఇప్పటికీ అంతే గట్టిది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నల్లో 80 లెక్కలవే, కాబట్టి పాత పేపర్లు పారేయొద్దు. మూడు గంటలు టైం పెట్టుకుని చేయండి.

చెడేవి ఫిజిక్స్, కెమిస్ట్రీ బిట్లు. కిలోగ్రాముకు ప్లాటినం-ఇరీడియం దిమ్మె ప్రమాణం అన్న జవాబు 2019 మే 20తో చెల్లిపోయింది, ఇప్పుడు ప్లాంక్ స్థిరాంకమే ఆధారం. ఆవర్తన పట్టికలో ఏడో పీరియడ్ (అడ్డు వరుస) అసంపూర్ణం అనేదీ అంతే: 2016లో 118వ మూలకానికి ఓగనెస్సాన్ అని పేరు పెట్టారు, వరుస నిండింది. పాత కీ నమ్మి బట్టీ పడితే మార్కు పోతుంది.

జేఈఈ మెయిన్ 2024 సిలబస్‌లో ఘనస్థితి, పాలిమర్లు లేవు. ఈఏపీసెట్ సిలబస్ వేరు. రెండూ రాసేవాళ్లు రెండు సిలబస్‌లూ ముందుంచుకుని, లేని చాప్టర్లు కొట్టేశాకే బిట్లు మొదలుపెట్టండి.