సాయ్ రైతుల పనిముట్టేనా?

జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల ఆయుధాల గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ కనిపిస్తుంది. 1609లో జపాన్‌లోని సత్సుమా ప్రాంతపు సైన్యం, అప్పట్లో ఒకినావాను ఏలిన ర్యూక్యూ రాజ్యాన్ని లొంగదీసుకుని జనం చేతుల్లో కత్తులు లేకుండా చేసిందని, దాంతో రైతులు పొలం పనిముట్లతోనే పోరాడటం నేర్చుకున్నారని. వినడానికి బాగుంటుంది కానీ సాయ్ విషయంలో నాకైతే నమ్మబుద్ధి కాదు.

సాయ్ అంటే పొడవాటి లోహపు కడ్డీ, పిడి దగ్గర రెండు పక్కలా పైకి వంగిన కొమ్ములు. మనకు చూడగానే త్రిశూలం గుర్తొస్తుంది. దీంతో మొక్కలు నాటడానికి గుంటలు తీసేవాళ్లని చెబుతారు. అయితే ఒకినావాలో ఇనుప ఖనిజం లేదు, ఇనుము బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే, అలాంటి చోట గుంట తీయడానికి ఎవరైనా అంత ఇనుము ఖర్చుపెడతారా, ఓ కర్రముక్క చాలదూ? పైగా అచ్చం ఇలాంటిదే జావాలో, మలయాలో ఉంది, అక్కడ చబాంగ్ అనీ టెక్పి అనీ అంటారు. 15వ శతాబ్దంలోనే ర్యూక్యూ ఓడలు వ్యాపారానికి మలయాలోని మలక్కా దాకా వెళ్లేవి కాబట్టి ఆ దారిన వచ్చిందనే మాటే నాకు సబబుగా తోస్తుంది.

ర్యూక్యూలో సాయ్ పట్టింది పోలీసులు. నేరస్తుల్ని పట్టుకోవడానికి, గుంపుల్ని అదుపు చేయడానికి వాడేవాళ్లు. సాయ్‌లో పేరుమోసిన కనగుసుకు ఉఫుచికు కూడా పోలీసు అధికారే. దీనికి అంచు పదును ఉండదు, మనిషిని చంపకుండా లొంగదీయాల్సిన ఉద్యోగానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

వాడే పద్ధతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కడ్డీని వెనక్కి తిప్పి ముంజేతికి ఆనిస్తే కొన మోచేతిని కాస్త దాటాలి, సాయ్ కొనేటప్పుడు కొలత చూసుకునేది కూడా ఇలాగే. ఎదుటివాడు బోతో, అంటే ఆరడుగుల కర్రతో కొడితే ఆ దెబ్బ ఎముక మీద కాకుండా కడ్డీ మీద పడుతుంది. వెంటనే బొటనవేలి ఊతంతో తిప్పితే కడ్డీ ముందుకొచ్చి అతని చేతికి తగులుతుంది, లేదంటే కర్రను కొమ్ముకీ కడ్డీకీ మధ్య ఇరికించి మణికట్టు మెలిపెట్టొచ్చు. మరీ దగ్గరికొస్తే పిడి చివరి గుండుతో పొడవడమే. చేతికొకటి చొప్పున రెండు పట్టుకుని, విసరడానికి మూడోది నడుముకు దోపుకునే పద్ధతీ ఉంది.

ఇవన్నీ ఈరోజు మనదాకా వచ్చాయంటే తైరా షింకెన్ (1897–1970) లాంటివాళ్లు పాత కతాలను, అంటే వరుస కదలికలుగా కూర్చిన సాధనలను, సేకరించి నేర్పబట్టే. ఆసక్తి ఉన్నవాళ్లు సాయ్‌ని గిరగిరా తిప్పే వీడియోలు పక్కనపెట్టి హమహిగా నో సాయ్ అనే కతా చూడండి, అడ్డుకున్న చేయి ఆగకుండా దెబ్బలోకి ఎలా మారుతుందో అందులో తెలుస్తుంది.