ఏ మూర్ఛో తెలిస్తేనే ఏ మందో తెలుస్తుంది

మా పెద్దమ్మ కూతురి కొడుకుకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు వాడి వయసు ఐదు నెలలు. అది 2003 శీతాకాలం. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో ముందురోజే వాడికి మూడో విడత ట్రిపుల్ యాంటిజెన్ టీకా వేయించారు. రాత్రికి ఒళ్లు వెచ్చబడింది. తెల్లవారుజామున కుడి చెయ్యీ కుడి కాలూ కొట్టుకోవడం మొదలై, ఆటోలో శ్రీకాకుళం చేరేవరకూ ఆగలేదు. దారి పొడుగునా ఎవరో వాడి పిడికిట్లో ఇంటి తాళంచెవులు పెట్టి బిగించి పట్టుకున్నారట. అప్పటికి నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. కబురు తెలిసి మర్నాడు వెళ్లేసరికి బిడ్డ నిద్రపోతున్నాడు, అక్క మాత్రం కళ్లు మూయకుండా వాడి కుడి చేతినే చూస్తూ కూర్చుని ఉంది.

రెండు నెలలకు మళ్లీ జ్వరం వచ్చింది, మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఈసారి ఎడమవైపు కొట్టుకుంది. స్కానింగులో ఏ లోపమూ కనబడలేదు, మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ కూడా మామూలుగానే ఉంది. ఒక వైద్యుడు కార్బమజెపైన్ అనే మూర్ఛ మందు రాశారు. ఆ మందు మొదలుపెట్టాక ఫిట్స్ తగ్గకపోగా నెలకు ఒకటి వచ్చేది వారానికి రెండయింది, దాంతో మోతాదు పెంచారు, అవి ఇంకా పెరిగాయి. ఆ రోజుల్లో మన దగ్గర జన్యుపరీక్ష అందుబాటులో లేదు కాబట్టి ఆ వైద్యుణ్ని నేను తప్పుపట్టలేను. ఇంట్లో మాత్రం తప్పు ఎవరిదో అప్పుడే తేల్చేశారు. టీకా వేయించింది తల్లి. గాలి సోకకుండా చూసుకోవలసింది తల్లి. వాళ్ల అత్తగారు నలుగురిలో అనే మాటలన్నీ విని, ఒకనాడు పెరట్లో బట్టలు ఆరేస్తూ అక్క నన్ను అడిగింది: "నానేటి తప్పు చేసినాను చెల్లీ, నువ్వు సదువుకున్నావు కదా, చెప్పు."

నాకు తెలియదని చెప్పాను. ఆ తరువాత బెంగళూరులో పీహెచ్‌డీకి విషయం ఎంచుకోవలసి వచ్చినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు.

చదవడం మొదలుపెట్టాక, మా వాడి లక్షణాలన్నీ ఒకచోట రాసి ఉన్న జబ్బు ఒకటి కనబడింది. మొదటి ఏడాదిలోనే జ్వరంతో వచ్చే దీర్ఘమైన ఫిట్స్, ఒకసారి ఒకవైపు, మరోసారి రెండోవైపు, తొలినాళ్లలో మామూలుగా కనిపించే ఈఈజీ, రెండో ఏడాది నుంచి మందగించే మాటా నడకా. ఫ్రాన్సుకు చెందిన షార్లోట్ డ్రావే 1978లోనే దీన్ని వర్ణించారు. ఇప్పుడు అది ఆమె పేరుతోనే డ్రావే సిండ్రోమ్‌గా ప్రసిద్ధం. 2001లో బెల్జియం పరిశోధకులు పరీక్షించిన ఏడుగురు పిల్లల్లోనూ ఎస్‌సీఎన్1ఏ అనే ఒకే జన్యువులో మార్పు కనబడింది. నాడీకణం పైపొరలో సోడియంను లోపలికి వదిలే ద్వారాన్ని తయారుచేసే జన్యువు అది. సోడియం లోపలికి దూకితేనే కణం సంకేతం పంపగలదు. అలాంటప్పుడు ఆ జన్యువుకుండే రెండు ప్రతుల్లో ఒకటి చెడి ద్వారాలు సగం తగ్గితే మెదడు నెమ్మదించాలి కదా, ఫిట్స్ ఎందుకు రావాలి? మా రంగంలో చాలామందిని వేధించిన చిక్కుముడి ఇదే. 2006లో సియాటిల్‌లో విలియం కాటరాల్ బృందం ఎలుకలలో దాన్ని విప్పింది. ఆ ద్వారం మీద ఎక్కువగా ఆధారపడేవి మెదడును రెచ్చగొట్టే కణాలు కావు, ఇతర కణాలను శాంతింపజేసే నిరోధక కణాలు. నీరసించినవి అవే కాబట్టి మిగిలిన కణాల హోరును ఆపే దిక్కు లేకుండా పోతుంది.

చదివి తెలుసుకోవడం వేరు, కళ్లతో చూడడం వేరు. ఎలుక మెదడును మిల్లీమీటరులో మూడో వంతు కన్నా పలుచగా కోసి, ఆక్సిజన్ బుడగలు పోయే ఉప్పునీటిలో ఉంచితే కొన్ని గంటలపాటు అందులోని కణాలు బతికే ఉంటాయి. సన్నని గాజుగొట్టం మొనను ఒక కణానికి ఆనించి, కొద్దిగా కరెంటు ఇచ్చి, అది ఎలా స్పందిస్తుందో తెరమీద చూస్తాం. ఆరోగ్యవంతమైన నిరోధక కణం అలసట ఎరుగదు. మా వైపు తప్పెటగుళ్లలో జోరు అందుకున్నాక వేళ్లు కనబడనంత వేగంగా, ఒక్క దెబ్బ తప్పకుండా మోగే తప్పెట లాంటిది దాని లయ. మార్పు ఉన్న ఎలుకలో అదే రకం కణం మొదట నాలుగు దెబ్బలు సరిగ్గా వేసి, తరువాత తడబడి, బలం చాలక ఆగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నా పరికరంలోనే లోపం ఉందనుకుని ఆ రాత్రంతా మళ్లీ మళ్లీ కొలిచాను. ఆ ఎలుకపిల్లల ఒంటి వేడిని కాస్త పెంచితే చాలు, ఫిట్స్ వస్తాయి. జ్వరం వస్తే మా వాడికి ఎందుకలా అయ్యేదో నాకు అక్కడ అర్థమైంది.

అంతకన్నా కష్టంగా మింగుడుపడింది మరొకటి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ వంటి మందులు పనిచేసేది సోడియం ద్వారాలను మూయడం ద్వారానే. ఎందరో రోగులకు అవి ప్రాణాధారాలు. కానీ అసలే సగం ద్వారాలతో ఈదుతున్న నిరోధక కణాలకు అవి ఉన్న బలాన్ని కూడా తీసేస్తాయి. మా ఇంట్లో రెండేళ్లు జరిగింది ఇదే.

2006లోనే ఆస్ట్రేలియాలో శామ్యూల్ బెర్కోవిక్ బృందం, టీకా వల్లే మెదడు దెబ్బతిన్నదని భావించిన 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ మార్పులు బయటపడ్డాయి. టీకా వల్ల వచ్చిన జ్వరం ఆ పిల్లల్లో మొదటి ఫిట్స్‌ను ముందుకు తెచ్చి ఉండవచ్చు గానీ జబ్బును పుట్టించలేదు. ఆ వ్యాసాన్ని ముద్రించుకుని సంక్రాంతికి ఊరు తీసుకెళ్లి, మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని అక్కకు తెలుగులో చెప్పాను. ఆమె విన్నది. నమ్మిందని మాత్రం అనుకోను. 2012లో వాడి రక్తపు నమూనాను పంపించగలిగాం, మార్పు ఉన్నట్టు తేలింది. అక్క రక్తంలోగానీ బావ రక్తంలోగానీ అది లేదు. ఈ జబ్బున్న పిల్లల్లో అత్యధికులకు ఇంతే, ఆ మార్పు బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. ఆ కాగితాన్ని అక్క నా చేత రెండుసార్లు చదివించుకుని, తీసుకెళ్లి వాళ్ల అత్తగారి ముందు పెట్టింది. ఆవిడకు చదవడం రాదు. అయినా చాలాసేపు ఆ కాగితాన్ని అలాగే పట్టుకుని ఉంది.

అప్పటికే వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ అనే వేరే మందులకు మారడంతో ఫిట్స్ కొంత తగ్గాయి. తరువాత మూడేళ్లు కీటోజెనిక్ ఆహారం పెట్టారు. మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ 1921లో ప్రతిపాదించిన పద్ధతి అది, కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం అతి తక్కువగా ఉంటుంది. చోడి అంబలి తాగి పెరిగే ఊళ్లో ఒక పిల్లవాడికి అంబలీ అన్నమూ మాన్పించి, నెయ్యీ కొబ్బరినూనే గుడ్లూ తూచి పెట్టడం ఎంత తపస్సో ప్రయోగశాలలో ఉండే నాలాంటివాళ్లకు తెలియదు. అక్క చిన్న త్రాసు కొనుక్కుని మూడేళ్లూ తూచింది. ఈ జబ్బుకు కొత్త మందులూ వచ్చాయి. ఫ్రాన్సులో 2000లో జరిగిన పరీక్షలో స్టిరిపెంటాల్ అనే మందు తీసుకున్న 21 మంది పిల్లల్లో 15 మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గితే, ఉత్తుత్తి మందు తీసుకున్న 20 మందిలో ఒక్కరికే అలా తగ్గాయి. బరువు తగ్గడానికి వాడుతూ, గుండె కవాటాలకు హాని చేస్తోందని 1997లో మార్కెట్టు నుంచి తీసేసిన ఫెన్‌ఫ్లురమైన్‌కు 2020లో అమెరికాలో ఈ జబ్బుకే అనుమతి వచ్చింది.

మా జిల్లాల్లో అన్నిటినీ మూర్ఛ అన్న ఒక్క మాటతోనే పిలుస్తారు, వైద్యం కూడా చాలాసార్లు ఆ ఒక్క మాటతోనే ఆగిపోతుంది. నెలల పిల్లలు నిద్ర లేవగానే వరుసగా ముందుకు వంగి ఉలిక్కిపడుతుంటే కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పట్టిస్తారు. ఇంగ్లండులో విలియం వెస్ట్ అనే వైద్యుడు 1841లో తన సొంత కొడుకులోనే గమనించి పత్రికకు రాసిన జబ్బు అది. దానికి ఇచ్చే ఏసీటీహెచ్ అనే హార్మోను, విగాబట్రిన్ అనే మందు వంటివి మామూలు మూర్ఛ మందులు కావు, ఆలస్యమైన ప్రతి వారమూ ఆ బిడ్డ ఎదుగుదల మీద పడుతుంది. ఫోనులో తీసిన అర నిమిషం వీడియో ఒక్కటి చాలు, దూరాన ఉన్న నిపుణుడు గుర్తుపట్టగలడు. అందుకే ఊరు వచ్చినప్పుడల్లా ఆశా కార్యకర్తలతో కూర్చుని ఇవే చెబుతున్నాను. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే ఫిట్స్‌ను ఆపే మిడజోలమ్ మందు ముక్కులో కొట్టించి ఆసుపత్రికి బయలుదేరండి, వీలైతే వీడియో తీయండి.

మొన్న వేసవిలో వెళ్లినప్పుడు అక్క తన గీతల పుస్తకాలు చూపించింది. ప్రతి ఫిట్స్‌కూ తేదీ, సమయం, ఏ వైపు, ఎన్ని నిమిషాలు అని ఇరవై ఏళ్లుగా రాస్తున్న పుస్తకాలు ఎనిమిది. నా లెక్కల్లో చాలావాటి కన్నా అవి శుభ్రంగా ఉన్నాయి. జన్యువుకున్న మంచి ప్రతి చేతనే ఎక్కువ ప్రోటీన్ తయారుచేయించే ఇంజెక్షన్ ఒకటి వెన్నుద్రవంలోకి ఇచ్చి విదేశాల్లో పరీక్షిస్తున్నారని చెప్పాను. "మనవాడికి పనికొస్తాదా?" అని అడిగింది. ఆ పరీక్షలు పిల్లల మీద జరుగుతున్నాయనీ, ఇరవై దాటినవాడికి ఫిట్స్ తగ్గినా తప్పిపోయిన మాటలు తిరిగి వస్తాయని నేను అనలేననీ ఉన్నదున్నట్టు చెప్పాను. సరేనని పుస్తకాలు బీరువాలో పెట్టింది. మధ్యాహ్నం ఎండ ముదురుతోంది. తువ్వాలు తడిపి పిండి, లోపలి గదిలో పడుకున్న వాడి ఒంటి మీద కప్పడానికి వెళ్లింది.